వెనక చక్రంలో గరగర: మూడు నెలల రిపేరు డైరీ

వెనక నుంచి శబ్దం వస్తోందని ఏ మెకానిక్‌కు చెప్పినా రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. "చైన్ సెట్ అరిగిపోయింది సార్" అంటారు, లేదా "బేరింగులు పోయుంటాయి" అంటారు. నా బండికి రెండూ మార్చాను. గరగర పోలేదు. అసలు కారణం నాలుగు వేళ్ల వెడల్పంత పొడవున్న ఇనప గొట్టంలో దొరికింది. ఏ రోజు ఏం కొలిచానో, ఎక్కడ కొలవకుండా డబ్బు పోగొట్టుకున్నానో వరసగా రాస్తున్నాను. ఇదే శబ్దంతో తిరుగుతున్నవాళ్లు నేరుగా దశ 5 చదివినా సరే, దశ 1లోని పరీక్షలు మాత్రం వదలొద్దు.

బండి: 150 సీసీ, తొమ్మిదేళ్ల పాతది. వెనక డ్రమ్ము బ్రేకు, టైరు 100/90-17. చైన్ 428 రకం, 118 లింకులు. ముందు స్ప్రాకెట్‌కు (చైన్ తిరిగే పళ్ల చక్రం) 14 పళ్లు, వెనక దానికి 42. రోజూ విజయవాడ సింగ్‌నగర్ నుంచి మంగళగిరికి, రానూ పోనూ 34 కి.మీ.

బండి చరిత్రలో రెండు విషయాలు ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా సెల్లార్‌లో ఈ బండి నాలుగు రోజులు నీళ్లలో ఉంది. ఇంజిన్ ఆయిలు మార్పించాను, ఎయిర్ ఫిల్టరు మార్పించాను, చక్రాల జోలికి వెళ్లలేదు. 2025 ఫిబ్రవరిలో వెనక చక్రం పట్టేసింది. ఒక షాపులో బ్రేకు వైపు బేరింగు ఒక్కటి మార్చి ఇచ్చారు. జులై చివర్లో శబ్దం మొదలైంది.

దశ 1: ముందు శబ్దాన్ని విడదీయడం
2025 ఆగస్టు 3, ఆదివారం. మీటరు 48,210.

పొద్దున్నే కనకదుర్గ వారధి మీద పిట్టగోడ పక్కగా వెళ్తే శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి చెవిలో పడుతుంది. అక్కడే మొదటిసారి ఒక సంగతి అర్థమైంది. వస్తున్నది ఒక్క శబ్దం కాదు, మూడు.

గరగర: తిరగలి తిప్పుతున్నట్టు ఆగకుండా వచ్చేది. 25 కి.మీ. వేగం దగ్గర మొదలై వేగంతో పాటు పెరుగుతుంది.
టిక్కు: మెల్లగా వెళ్తున్నప్పుడు ఆగి ఆగి వచ్చేది.
టక్కు: యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు ఒక్కసారి కొట్టేది.

చేసిన పరీక్షలు:

1. 40 కి.మీ. వేగంలో క్లచ్ పట్టి ఇంజిన్ ఐడిల్‌కు దించాను. గరగర అలాగే ఉంది. అంటే ఇంజిన్ వేగంతో సంబంధం లేదు. కానీ చైన్, ముందు స్ప్రాకెట్, దాని షాఫ్టు చక్రంతో పాటు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి అవి ఇంకా అనుమానంలోనే ఉన్నాయి.
2. వెనక బ్రేకు కొద్దిగా తొక్కాను. ఏ శబ్దమూ మారలేదు.
3. తారు రోడ్డు, సిమెంటు రోడ్డు రెండింటి మీదా నడిపాను. తేడా లేదు. కాబట్టి టైరు గాట్ల శబ్దం కాదు.
4. వెనక మనిషిని ఎక్కించుకున్నాను. గరగర బాగా పెరిగింది.
5. డబుల్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పాను. గరగర లేదు, పూర్తి నిశ్శబ్దం.

ఐదో పరీక్షే నన్ను చాలా రోజులు తప్పుదారి పట్టించింది. స్టాండు మీద శబ్దం లేదంటే బేరింగు బాగుందనుకున్నాను. బరువు పడినప్పుడే అరిచే బేరింగులు ఉంటాయి. నాలుగో పరీక్ష ఆ మాటే చెబుతోంది, నేను వినలేదు.

ఫోనును రబ్బరు ట్యూబు ముక్కతో స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే ఇనప చేయి) కట్టి రికార్డు చేశాను. 30 కి.మీ. దాటితే గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. తెల్లవారుజామున 5 గంటలకు ఇంజిన్ ఆపి, సందులో బండిని తోస్తూ తీసిన రికార్డింగే పనికొచ్చింది.

హబ్ (చక్రం నడిమి దిమ్మె) వేడి చూద్దామని కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు పెట్టాను. అది మనిషి ఒంటి వేడి దాటితే అంకె చూపించదు. కొలవాలంటే యంత్రాల కోసం అమ్మే రకం కావాలి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹10 (సుద్దముక్కలు), సమయం 2 గంటలు.

దశ 2: బ్రేకు షూలు (తప్పు)
ఆగస్టు 10. మీటరు 48,402.

డ్రమ్ములో దుమ్ము చేరితే గరగర వస్తుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. చక్రం విప్పాను. డ్రమ్ము నిండా నల్లటి పొడి ఉంది. షూల మీద లైనింగు 2.1 మి.మీ. మిగిలింది. డ్రమ్ము లోపలి వ్యాసం 130.4 మి.మీ., డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ హద్దు 131. అంటే రెండూ ఇంకా పనికొచ్చేవే. అయినా షూలు మార్చాను.

శబ్దంలో వెంట్రుకవాసి తేడా లేదు.

బ్రేకు తొక్కితే శబ్దం మారలేదని వారం ముందే నా పుస్తకంలో రాసుకున్నాను. ఆ వాక్యం చదివి ఉంటే ₹340 మిగిలేది. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ రోజు చక్రం చేతిలో ఉంది, యాక్సిల్ (చక్రం ఇరుసు) బయటే ఉంది, బేరింగు లోపల వేలు పెట్టి తిప్పి చూడటానికి అర నిమిషం చాలు. అదీ చెయ్యలేదు.

ఇప్పటిదాకా: ఖర్చు ₹350, సమయం 3.5 గంటలు.

దశ 3: సుద్ద గీతల పరీక్ష, టిక్కు దొరకడం
ఆగస్టు 17. మీటరు 48,590.

ఈ డైరీ మొత్తంలో ఎవరైనా చేసి చూడాలని నేను గట్టిగా కోరేది ఈ పరీక్షే. ఖర్చు ఒక సుద్దముక్క. వెనక చక్రంతో పాటు తిరిగే ప్రతి వస్తువూ తన సొంత దూరానికి ఒకసారి చుట్టు పూర్తి చేస్తుంది. ఆగి ఆగి వచ్చే శబ్దం ఎంత దూరానికి ఒకసారి వస్తోందో కొలిస్తే దొంగ ఎవరో తెలుస్తుంది.

1. టైరు మీద ఒక గీత, దాని కింద నేల మీద ఒక గీత పెట్టండి. మనిషి బండి మీద కూర్చోవాలి, ఇంకొకరు తోయాలి. చక్రం ఒక చుట్టు తిరిగాక మళ్లీ గీత పెట్టండి. నాకు 1.88 మీటర్లు వచ్చింది. టైరు సైజు లెక్క ప్రకారం 1.92 రావాలి. బరువుకు టైరు కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి కొలిచిన అంకెనే వాడండి.
2. ముందు స్ప్రాకెట్: 1.88ని 42 బై 14తో, అంటే 3తో భాగిస్తే 0.63 మీటరు.
3. చైన్: చక్రం ఒక చుట్టుకు చైన్ 42 లింకులు కదులుతుంది. 118ని 42తో భాగిస్తే 2.81 చుట్లు. దాన్ని 1.88తో గుణిస్తే 5.28 మీటర్లు.
4. సందులో బండి తోస్తూ, టిక్కుమన్న ప్రతిసారీ నేల మీద గీత పెట్టండి. టేపుతో కొలవండి.

గీతలు పెట్టే పని మా అబ్బాయిది. పన్నెండు గీతల మధ్య దూరాలు: అతి తక్కువ 5.21, అతి ఎక్కువ 5.34, మిగతావన్నీ ఆ మధ్యలో. చక్రం 1.88కి, స్ప్రాకెట్ 0.63కి ఎక్కడా దగ్గర లేదు. చైన్‌లో ఒకే ఒక్క చోట లోపం ఉందన్నమాట.

చైన్‌ను కొద్ది కొద్దిగా కదిలిస్తూ ప్రతి లింకునూ వేళ్లతో వంచి చూశాను. ఒక లింకు కర్రలా బిగుసుకుపోయింది. దాని మీద మా ఆవిడ గోళ్ల రంగు చుక్క పెట్టి మళ్లీ తోశాం. చుక్క ముందు స్ప్రాకెట్ మీదకు ఎక్కిన ప్రతిసారీ టిక్కుమంది. లింకు లోపల ఎర్రటి తుప్పు.

ఆ ఒక్క లింకును ఆయిలు పోసి వదులు చేస్తే సరిపోతుందా అని మిగతా చైన్ కూడా కొలిచాను. 428 చైన్‌లో ఒక లింకు పొడవు 12.7 మి.మీ. కాబట్టి 20 లింకులు 254 మి.మీ. ఉండాలి. లాగి పట్టి కొలిస్తే 258.5 వచ్చింది, అంటే 1.8 శాతం సాగింది. చైన్ వదులు బిగుతైన చోట 18 మి.మీ., వదులైన చోట 36. వెనక స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకు వాలి ఉన్నాయి. ఇన్ని ఉన్నప్పుడు చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్ మార్చడమే సరైన పని. ఇందులో నాకు విచారం లేదు.

మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. చైన్ క్లిప్ లాకు మూసి ఉన్న కొస, చైన్ కదిలే దిక్కు వైపు ఉండాలి. స్వింగ్ ఆర్మ్ మీద ఉన్న గీతలను గుడ్డిగా నమ్మొద్దు. స్వింగ్ ఆర్మ్ ముందు బోల్టు మధ్య నుంచి వెనక యాక్సిల్ మధ్యకు రెండు వైపులా టేపు పెట్టి కొలవండి. నా బండిలో రెండు వైపులా గీతలు సమానంగా పెట్టినప్పుడు 3 మి.మీ. తేడా ఉంది.

ఫలితం: టిక్కు పూర్తిగా పోయింది. గరగర ఇంకా స్పష్టంగా వినబడుతోంది.

ఇప్పటిదాకా: ఖర్చు ₹1,830 (చైన్ సెట్ ₹1,480), సమయం 6.5 గంటలు.

దశ 4: బేరింగులు, మొదటిసారి
ఆగస్టు 24. మీటరు 48,795.

చక్రం మళ్లీ విప్పాను. ఈసారి మొదట వేలు పెట్టి తిప్పాను. బ్రేకు వైపు బేరింగు, ఫిబ్రవరిలో మార్చింది, ఇసుకలో తిరుగుతున్నట్టు ఉంది. చైన్ వైపుది, వరద నాటి పాతది, కొంచెం ఆగి ఆగి తిరుగుతోంది. పాతది రబ్బరు సీలు తీసి చూస్తే గ్రీజు కాఫీ రంగులో ఉంది. అది నీళ్లు కలిసిన గ్రీజు.

ఒక అనుమానం ఆ రోజే రావాల్సింది. పాతది అరిగిందంటే అర్థం ఉంది. ఆరు నెలల కిందట వేసిన కొత్తది పాతదానికంటే ఎక్కువ ఎందుకు పాడైంది?

బేరింగు నంబరు చదవడం తెలిస్తే కొట్లో మోసపోం. నా హబ్‌లో రెండు వైపులా 6302. చివరి రెండు అంకెలు లోపలి రంధ్రాన్ని చెబుతాయి: 00 అయితే 10 మి.మీ., 01 అయితే 12, 02 అయితే 15, 03 అయితే 17, 04 నుంచి పైన అయితే 5తో గుణించాలి. 6302 కొలతలు 15×42×13 మి.మీ. పక్కన 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. మన వానలకు, బురదకు 2ఆర్ఎస్ తీసుకోండి.

తీసిన విధానం:

1. రెండు బేరింగుల మధ్య ఉండే స్పేసర్ గొట్టాన్ని పొడవాటి స్క్రూడ్రైవరుతో పక్కకు నెట్టాను. అప్పుడు అవతలి బేరింగు లోపలి రింగు అంచు కనిపిస్తుంది.
2. ఆ అంచు మీద పంచ్ పెట్టి, ఒకే చోట కాకుండా చుట్టూ మార్చి మార్చి కొట్టాను.
3. కొత్త బేరింగులను రెండు గంటలు ఫ్రీజరులో, హబ్‌ను ఎండలో పెట్టాను. విజయవాడ ఎండకు ఇది చాలు.
4. పాత బేరింగునే దిమ్మెగా పెట్టి, దెబ్బ బయటి రింగు మీదే పడేలా కొట్టాను. లోపలి రింగు మీద కొడితే గోలీల దారి మీద గుంటలు పడతాయి. కొత్త బేరింగు ఆ రోజే పాతదైపోతుంది.

రెండో బేరింగు కూడా అడుగు అంటేదాకా దింపాను. తర్వాత యాక్సిల్ రంధ్రంలోంచి వేలు పెడితే మధ్యలో ఉన్న గొట్టం కిందికీ పైకీ, పక్కలకీ కదిలింది. యాక్సిల్ దూర్చాక సర్దుకుంటుందిలే అనుకుని బిగించేశాను. ఈ మొత్తం కథలో అతి పెద్ద ఆధారం అదే.

చక్రం తెరిచి ఉంది కదా అని హబ్ రబ్బర్లు (వెనక స్ప్రాకెట్‌కూ హబ్‌కూ మధ్య కుదుపును మింగేవి) కూడా చూశాను. గట్టిపడి కుంచించుకుపోయాయి. ఆదివారం మధ్యాహ్నం కొట్లు మూసి ఉండటంతో సైకిలు ట్యూబు ముక్కలు కోసి సందుల్లో దోపాను. దీని సంగతి దశ 6లో.

సోమవారం పొద్దున వారధి మీద నిశ్శబ్దం. ఆ వారమంతా చాలా సంతోషంగా ఉన్నాను.

ఇప్పటిదాకా: ఖర్చు ₹2,350 (బేరింగులు ₹460, గ్రీజు ₹60), సమయం 10.5 గంటలు.

దశ 5: గరగర తిరిగి రావడం, అసలు కారణం
సెప్టెంబరు 3న, కొత్త బేరింగులు వేసిన 270 కి.మీ.కే గరగర మళ్లీ మొదలైంది. సెప్టెంబరు 7, ఆదివారం. మీటరు 49,148.

మంచి బేరింగు 270 కి.మీ.కి పోదు. ఏదో దాన్ని చంపుతోంది. ఈసారి కొత్త భాగమేదీ వెయ్యకుండా, ఏది కదిలిస్తే శబ్దం మారుతుందో వెతికాను.

యాక్సిల్ నట్టు ఒక చుట్టు వదులు చేసి, సందులో పది మీటర్లు తోశాను, అంతే. గరగర సగానికి తగ్గింది. మళ్లీ బిగిస్తే మళ్లీ వచ్చింది. (నట్టు వదులుగా ఉన్నప్పుడు బండి ఎక్కి నడపొద్దు. ఇంజిన్ కూడా స్టార్ట్ చెయ్యొద్దు.)

దీన్ని చెవికి వదలకుండా అంకెల్లో పట్టుకోవాలనుకున్నాను. బండి డబుల్ స్టాండ్ మీద ఉంచి చైన్ తీసేశాను. టైరు చుట్టూ సన్నటి తాడు రెండు చుట్లు చుట్టి, కొసకు కిలో ఉప్పు ప్యాకెట్ కట్టి వదిలాను. ప్యాకెట్ నేలకు తగిలాక తాడు జారిపోతుంది, చక్రం తనంతట తాను తిరిగి ఆగుతుంది. ప్రతిసారీ ఒకే తోపు పడుతుంది కాబట్టి ఎన్ని చుట్లు తిరిగిందో పోల్చుకోవచ్చు. మూడేసి సార్లు చేసిన సగటు (న్యూటన్ మీటరు అంటే నట్టు బిగుతు కొలత):

నట్టు చేతి బిగుతు: 8 చుట్లు
30 న్యూటన్ మీటర్లు: 5.5 చుట్లు
60 న్యూటన్ మీటర్లు (నా బండి మాన్యువల్‌లో ఉన్న అంకె): 2.5 చుట్లు

నట్టు ఎంత బిగిస్తే చక్రం అంత బరువవుతోంది. అలా కానే కాకూడదు.

ఎందుకో చెప్తాను. నట్టు బిగించినప్పుడు ఆ ఒత్తిడి ఒక వరసలో వెళ్తుంది: స్వింగ్ ఆర్మ్, బయటి బుష్ (చిన్న గొట్టం ముక్క), ఒక బేరింగు లోపలి రింగు, మధ్యలో స్పేసర్ గొట్టం, రెండో బేరింగు లోపలి రింగు, మళ్లీ బుష్, స్వింగ్ ఆర్మ్. ఇవన్నీ కలిసి ఒకే కడ్డీలా బిగుసుకుంటాయి, కదలవు. వాటి చుట్టూ బేరింగు బయటి రింగులతో హబ్ తిరుగుతుంది. గొట్టం పొడవు సరిపోతే ఎంత బిగించినా భారమంతా గొట్టమే మోస్తుంది. గొట్టం పొట్టిదైతే రెండు లోపలి రింగులు ఒకదానివైపు ఒకటి లాక్కుపోతాయి. బయటి రింగులు హబ్ అంచులకు ఆని కదలవు. మధ్యలో గోలీలు పక్కకు నలుగుతాయి.

కొలిచిన తీరు (ఆటోనగర్‌లో కొన్న 150 మి.మీ. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే స్కేలు), అది ముందునుంచీ ఇంట్లో ఉంది):

1. బేరింగులు తీసేసి హబ్ మొత్తం వెడల్పు: 110.3 మి.మీ.
2. ఎడమ వైపు బేరింగు గుంట లోతు, వెర్నియర్ తోకతో: 16.9
3. కుడి వైపు గుంట లోతు: 16.7
4. రెండు ఆనుడు అంచుల మధ్య దూరం: 110.3 – 16.9 – 16.7 = 76.7
5. గొట్టం పొడవు, చుట్టూ నాలుగు చోట్ల: 76.5, 76.4, 76.2, 76.1

గొట్టం 0.2 నుంచి 0.6 మి.మీ. పొట్టిగా ఉంది, పైగా ఒక కొస వాలుగా అరిగింది. ఆ కొస బ్రేకు వైపుది. అంచు పుట్టగొడుగులా బయటికి విచ్చుకుంది.

గొట్టం అరగడం ఏమిటని చాలాసేపు కూర్చుని ఆలోచించాను. మామూలుగా అది తిరగదు, అరగదు. కానీ వరద నీళ్లు దూరిన బేరింగు తుప్పు పట్టి బిగుసుకుపోయినప్పుడు, లోపలి రింగు కూడా హబ్‌తో పాటు తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు అది గొట్టం కొసను గానుగలా అరగదీస్తుంది. ఫిబ్రవరిలో చక్రం పట్టేసేముందు అలా కొన్ని వందల కిలోమీటర్లు నడిచి ఉంటుంది. షాపులో బేరింగు మార్చారు, గొట్టం కొలవలేదు. ఆగస్టులో నేనూ కొలవలేదు. ఆరు నెలల బేరింగు పాతదానికంటే ముందు ఎందుకు చచ్చిందో కూడా ఇప్పుడు తెలిసింది. వాలుగా అరిగిన కొస దానివైపే ఉంది.

కొత్త గొట్టం (కొట్లో దీన్ని డిస్టెన్స్ పీస్ అంటే తెలుస్తుంది) స్టాకు లేదు, రెండు వారాలు పడుతుందన్నారు. ఆటోనగర్‌లో ఒక లేతు షాపుకు వెళ్లాను. శాంపిల్‌గా పాత గొట్టం ఇచ్చి వచ్చాను. సాయంత్రం పీసు చేతికొచ్చాక అక్కడే కొలిచాను. 76.4.

"అన్నా, ఇది కూడా పొట్టిగానే ఉంది" అన్నాను.

"మీరిచ్చిన శాంపిల్ అంతే ఉంది కదండీ. నాకు నంబరు చెప్పలేదు" అన్నాడాయన.

ఆయన మాట న్యాయం. అరిగిన వస్తువును శాంపిల్‌గా ఇస్తే అరిగిన కొలతే వస్తుంది. ఆ పీసుకు డబ్బులిచ్చి, రెండోసారి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను: పొడవు 76.8, లోపల 15.2, రెండు కొసలూ ఒకదానికొకటి సమాంతరంగా, అంచుల పదును తీసి. అంచుల మధ్య దూరం కంటే 0.1 మి.మీ. పొడవు కావాలనే పెట్టాను. ఇందులో తప్పు జరిగితే పొడవు వైపే జరగాలి, పొట్టి వైపు కాదు. మూడు రోజులకు ఈఎన్8 రకం ఉక్కు రాడ్డుతో చేసిన పీసు వచ్చింది. నాలుగు చోట్లా 76.8.

సెప్టెంబరు 14న బిగించాను. ఈ వారమంతా బస్సులో తిరిగాను కాబట్టి మీటరు 49,150 దగ్గరే ఉంది. కొత్త 6302 బేరింగులు మళ్లీ రెండు. బిగింపులో మార్పు ఒక్కటే, కానీ అదే కీలకం:

1. బ్రేకు వైపు బేరింగును గుంట అడుగు అంటేదాకా దింపాలి.
2. గొట్టం పెట్టి, యాక్సిల్ దూర్చి నిటారుగా ఉంచాలి.
3. రెండో బేరింగును లోపలి రింగు గొట్టానికి తగిలేదాకా మాత్రమే దింపాలి. తగలగానే సుత్తి శబ్దం మారుతుంది, ఆపేయాలి.
4. యాక్సిల్ తీసి గొట్టాన్ని వేలుతో నెట్టాలి. గట్టిగా నెడితేనే కదలాలి. గలగలలాడితే ఆపి మళ్లీ కొలవాలి.

ఉప్పు ప్యాకెట్ పరీక్ష మళ్లీ: చేతి బిగుతుకు 8 చుట్లు, 30కి 7.5, 60కి 7.5. ఆ మూడో అంకె చూసినప్పుడు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. ఇంకా బండి రోడ్డెక్కలేదు, అయినా పని అయిందని తెలిసింది.

యాక్సిల్ నట్టు కూడా కొత్తది వేశాను. లోపల నైలాన్ పట్టు అరిగిపోయింది, చేత్తోనే చివరిదాకా తిరుగుతోంది.

ఇప్పటిదాకా: ఖర్చు ₹3,350 (బేరింగులు ₹460, లేతు పని రెండుసార్లు కలిపి ₹500, నట్టు ₹40), సమయం 16.5 గంటలు.

దశ 6: టక్కు
సెప్టెంబరు 28. మీటరు 49,530.

గరగర లేదు. ఇప్పుడు టక్కు ఒక్కటే మిగిలింది, సైకిలు ట్యూబు ముక్కలు వేసిన కొత్తలో తగ్గింది కానీ మళ్లీ మొదటికొచ్చింది. తీసి చూస్తే ముక్కలు పొడిపొడిగా రాలాయి. 735 కి.మీ. కూడా ఆగలేదు. ఆ పొడి బేరింగు సీలు అంచుల్లో చేరింది. ఊళ్లో చాలామంది చేసే పనే ఇది, కానీ ఇంకోసారి చెయ్యను.

కొలత తేలిక. చక్రాన్ని గట్టిగా పట్టుకుని వెనక స్ప్రాకెట్‌ను ముందుకూ వెనక్కూ ఊపి, పంటి దగ్గర ఎంత కదులుతోందో స్కేలు పెట్టి చూడాలి. 9 మి.మీ. ఉంది. కొత్త రబ్బర్లు వేశాక 2. రబ్బర్లు ఎక్కకపోతే గ్రీజు పెట్టొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బు నీళ్లు చాలు.

స్ప్రాకెట్ క్యారియర్‌లో (వెనక స్ప్రాకెట్ బిగించి ఉండే దిమ్మె) ఉన్న 6203 బేరింగును నేను దశ 4లో వదిలేశాను. అది కూడా అవే వరద నీళ్లు తాగింది. మార్చేశాను. సీలు తీస్తే లోపల అదే కాఫీ రంగు.

టక్కు పోయింది. రెండో గేరులో యాక్సిలరేటర్ వదిలి ఇస్తే ఇప్పుడు మెత్తగా అందుకుంటోంది.

మొత్తం: ఖర్చు ₹3,710 (రబ్బర్లు ₹190, బేరింగు ₹170), సమయం 19 గంటలు. ఇందులో వృథా అయింది ₹1,050: బ్రేకు షూలు ₹340, మొదటి జత బేరింగులు ₹460, పొట్టి గొట్టం ₹250.

దశ 7: తనిఖీ
నవంబరు 2. మీటరు 50,520. కొత్త గొట్టం వేసి 1,370 కి.మీ.

చైన్ తీసి ఉప్పు ప్యాకెట్ పరీక్ష: 60 న్యూటన్ మీటర్ల దగ్గర 8 చుట్లు. సీళ్లు కొంచెం సర్దుకున్నట్టున్నాయి. వెనక మనిషితో వారధి మీద రెండుసార్లు వెళ్లి వచ్చాను. గాలి, టైరు, ఇంజిన్, అంతే. చైన్ వదులు అన్ని చోట్లా 25 నుంచి 28 మి.మీ. మధ్యలో ఉంది.

ఈ రోజే కింది వాటా బాబాయ్ గారి 100 సీసీ బండి కూడా విప్పాం. అదీ అప్పుడు మా సెల్లార్‌లోనే మునిగింది. ఆయనకు ఇంకా శబ్దం రాలేదు, కానీ నా సంగతి విని భయపడి పిలిచారు. చక్రం పట్టుకుని పక్కలకు ఊపితే కొద్దిగా ఆడింది. రెండు 6301 బేరింగుల్లోనూ గ్రీజు కాఫీ రంగు, ఒకదానిలో తుప్పు చుక్కలు. గొట్టం నాలుగు చోట్లా 62.9, హబ్ అంచుల మధ్య దూరం 62.8.

"గొట్టం కూడా చేయించాలా బాబూ?" అని అడిగారు.

"అక్కర్లేదు బాబాయ్, కొలత సరిగ్గా ఉంది. బేరింగులు మారిస్తే చాలు" అన్నాను.

మధ్యాహ్నం మూడింటికల్లా ఆయన బండి బిగించేశాం. సెల్లార్‌లో వరద చూసిన బళ్లు ఇంకా రెండు ఉన్నాయి. వచ్చే ఆదివారం రెండో అంతస్తు వాళ్ల ఎర్ర బండి.